సబ్బు తగలకూడని సీసాలు

నీళ్ళ పరీక్షశాలలో సీసాలు కడిగే ముసలాయన్ని అందరూ తళతళ అని పిలిచేవారు. ఆయన కడిగిన సీసాలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని వేళాకోళం.

చెరువు పచ్చగా మారి చేపలు చచ్చి తేలాక, అందులోకి పాచిని పెంచే ఫాస్ఫరస్ ఎక్కడినుంచి దిగుతోందో పట్టుకోమని పై నుంచి హుకుం వచ్చింది. చెరువులో కలిసే వాగు పొడుగునా ఆరు చోట్ల, పరీక్షలు చేసే మేడమ్ నీళ్ళు పట్టించింది. ఏ చోటి సీసాలు ఆ చోటికే. వాటిని యాసిడ్ కలిపిన నీళ్ళతోనే కడగాలనీ, సబ్బు తగలనివ్వద్దనీ మొదటిరోజే చెప్పింది. ఎందుకో ఆమె చెప్పలేదు, ఈయన అడగలేదు.

నాలుగో చోటు ఆయన చెల్లెలి మొగుడి గేదెల కొట్టానికి దిగువన ఉంది. ఆ సీసాలు పేడ కంపు కొట్టేవి. సొంత బావ కొట్టం కంపు మేడమ్ ముక్కుకి తగులుతుంటే ఆయనకి తల కొట్టేసినట్టుండేది. అందుకని వాటిని మాత్రం ఎవరూ చూడకుండా సబ్బుపొడి వేసి రెండేసిసార్లు తోమేవాడు.

మూడు నెలలు గడిచేసరికి నాలుగో చోటి అంకె అన్నిటినీ మించిపోయింది. కొట్టం ఎత్తేయమని నోటీసొచ్చింది. బావ ఎనిమిది గేదెల్నీ అయినకాడికి అమ్ముకున్నాడు.

కొట్టం ఖాళీ అయినా సీసాల కంపూ పోలేదు, అంకే దిగలేదు. మేడమ్‌కి అనుమానమొచ్చి, ఆ చోటి సీసాలో స్వచ్ఛమైన నీళ్ళు పోసి పరీక్షిస్తే అందులోనూ ఫాస్ఫరస్ తేలింది. ముసలాయన్ని పిలిచి, వీటిని దేంతో కడిగారని అడిగింది.

"సబ్బుపొడితోనండి. కంపు కొడుతున్నాయని."

"మనం వెతికేది ఆ పొడిలోనే ఉంటుంది తాతా," అని తల పట్టుకుంది.

కొత్త సీసాలతో మళ్ళీ పట్టి చూస్తే, ఎగువన ఊరి మురుగుకాలువ కలిసే రెండో చోటే అసలు మూలమని తేలింది. అక్కడి అంకె మొదటినుంచీ పెద్దదే. నాలుగోదాని పక్కన ఎవరి కంటికీ ఆనలేదు.

ఆ సాయంత్రమే చెల్లెలింటికి వెళ్ళి, దాచకుండా అంతా చెప్పేశాడు. బావ ఖాళీ కొట్టం వైపు చూశాడు.

"అయితే నా పరువు కాపాడావన్నమాట."

"నోటీసు వెనక్కి తీసుకుంటామన్నారు బావా."

"తీసుకుంటారులే. గేదెల్ని తోలుకొస్తారా?"

చెల్లెలు లోపలికెళ్ళి పొయ్యి వెలిగించింది. టీ పెట్టడానికి పాల పాకెట్ కొన పళ్ళతో కొరికి చింపింది. ఆ ఇంట్లో పాకెట్ పాలు చూడటం ముసలాయనకి అదే మొదటిసారి. ఇచ్చిన టీ ఆఖరి గుక్క దాకా తాగాడు.