ఎక్కేవాడి దిగులు

ఆ ఊళ్లో ఎవరు పైకొచ్చినా దాని వెనక లిఫ్టాయన చెయ్యి ఉంటుంది. ఇది పొగడ్త కాదు, ఆయన ఉద్యోగమే అది. లిఫ్టులు బాగుచేస్తాడు. ఆసుపత్రిలో గానీ బట్టల దుకాణంలో గానీ లిఫ్టు మొరాయించి రెండంతస్తుల మధ్య నిలబడిపోయిందంటే కబురు ఆయనకే వెళ్తుంది. "నేను చూసినన్ని ఎత్తుపల్లాలు ఈ ఊళ్లో ఎవరూ చూడలేదండీ" అంటూ ఉంటాడు. కొత్తవాళ్లు అయ్యో పాపం అనుకుని టీ ఇప్పిస్తారు. ఆయన కాదనడు.

అలాంటి మనిషి యాభై దాటాక సైకిలెక్కడానికి కారణం కూతురు.

ఆ పిల్ల నర్సు. ఊరికి ఆ చివర, ఆసుపత్రి పక్కనే గది తీసుకుని ఉంటుంది. డ్యూటీలో లేకపోతే సైకిలు మీద ఉంటుంది. ఏటా ఒకసారి, దూరంగా ఉన్న కొండల మీదుగా సైకిళ్ల జంట సవారీ ఒకటి జరుగుతుంది. తెల్లవారుతూనే బయల్దేరితే పొద్దుగూకేలోపు చివరికి చేరాలి. దారిలో ప్రతి మజిలీలోనూ జంట కలిసే కనబడాలి. ఒకరు ఆగిపోతే రెండోవాళ్లూ ఆగిపోయినట్టే. ఒక ఏడాది వానలకు దారి తెగి సవారీ రద్దయింది. మరుసటేడు సరిగ్గా ఆ వారమే పిల్లకు జ్వరం. ఈసారి అన్నీ కుదిరాయనుకుంటే, జంటగా రావలసిన స్నేహితురాలు స్నానాలగదిలో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది.

ఇంటికొచ్చి మంచం మీద బోర్లా పడుకున్న కూతుర్ని చూసి లిఫ్టాయన గొంతు సవరించుకున్నాడు.

"ఎందుకమ్మా ఈ ఏడుపు? నేను లేనూ?"

"నాన్నా, అది సైకిలు."

"చిన్నప్పుడు నిన్ను బడికి తీసుకెళ్లింది సైకిలు కాక ఏనుగా?"

"కొండలు నాన్నా. ఒకటి కాదు."

"అయితే ఏంటి? బళ్లో నాకు ఎక్కాలు రాలేదు గానీ, ఎక్కడం బ్రహ్మాండంగా వచ్చు."

పిల్ల దిండులోంచి తల తిప్పి నవ్వింది. అలా నవ్వాక వద్దనడం ఆ పిల్లకు చేతకాలేదు, వెనక్కి తగ్గడం ఆయనకూ చేతకాలేదు.

చిక్కల్లా కొండ దగ్గరే వచ్చింది. ఊరు ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంటుంది. అక్కడ ఎత్తైనవి రెండే: బస్టాండు ముందు స్పీడుబ్రేకరు, లిఫ్టాయన బావమరిది గొంతు. ఆ గొంతే దారి చూపించింది. బావమరిది ఏడంతస్తుల కార్ల పార్కింగుకి మేనేజరు.

"బావా! నా దగ్గర సిమెంటు కొండ ఉంది. కింద నుంచి పై దాకా మెలికలు తిరిగిన వాలు. పొద్దున కార్లు మొదలయ్యేదాకా నీదే. తొక్కు."

"ఎక్కేది సరే, దిగేది?"

"లిఫ్టు లేదూ? నువ్వు బాగుచేసిందే కదా! దిగడంలో కష్టమేముంది బావా, టైము దండగ. ఆ టైములో ఇంకో రెండుసార్లు ఎక్కొచ్చు."

ఈ లెక్క ఇద్దరికీ ఎంత నచ్చిందంటే, ఒకరి చేతిలో ఒకరు చెయ్యేసి చరుచుకున్నారు. ఇలాంటి లెక్క వెయ్యాలంటే ఒకడు లిఫ్టులవాడు, ఒకడు పార్కింగువాడు అయ్యుండాలి. మామూలు మనుషుల బుర్రకు ఇది అందదు.

మొదటి రోజు రెండో అంతస్తుకే లిఫ్టాయన నాలుక బయటికొచ్చింది. మోకాళ్లు రెండూ చెరో భాషలో తిట్టాయి. బావమరిది మాత్రం పక్కన నడుస్తూ "ఏం తొక్కుతున్నావు బావా, పులి!" అని రోజూ మునగచెట్టెక్కించేవాడు. నెమ్మదిగా మూడో అంతస్తు లొంగింది. తర్వాత ఐదోది. చివరికి పై కప్పు మీది ఎండ దాకా ఆగకుండా వెళ్లడం అలవాటైంది. పైకి చేరగానే సైకిలు లిఫ్టులో నిలబెట్టి, బటన్ నొక్కి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ దర్జాగా దిగేవాడు. దిగుతూ దిగుతూ తాడు చప్పుడు, తలుపు చప్పుడు చెవిపెట్టి వినేవాడు. పనిలో పని.

"ఇవాళ ఎన్నిసార్లు నాన్నా?" అని సాయంత్రం ఫోనులో కూతురు అడిగేది.

"లెక్క మర్చిపోయేన్నిసార్లు."

"భలే నాన్నా!"

ఎన్నిసార్లు ఎక్కావని అడిగేది గానీ, ఎలా దిగావని అడగాలని ఎవరికి తడుతుంది?

సవారీకి ఇంకా కొన్ని వారాలుండగా ఒక ఆదివారం అసలు కొండకు వెళ్లారు. లిఫ్టాయన భార్య డ్రైవింగు స్కూలు నడుపుతుంది. ఊళ్లో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పింది ఆవిడే. నేర్చుకోనిది మొగుడొక్కడే. "పెళ్లాం దగ్గర నేర్చుకుంటే జన్మంతా ఎల్ బోర్డే" అని ఆయన సిద్ధాంతం. స్కూలు కారు నెత్తిన రెండు సైకిళ్లు కట్టుకుని ఆవిడే తీసుకెళ్లింది.

ఎక్కడంలో లిఫ్టాయన విశ్వరూపం చూపించాడు. దారి నిటారుగా లేచినచోట కూడా కాళ్లు గడియారంలా ఆడాయి. సగం కొండ దగ్గర కూతుర్ని దాటేశాడు. దాటుతూ "ముందు లిఫ్టు వచ్చింది, తరవాతి దాంట్లో రామ్మా" అన్నాడు. పైకి చేరి రాయి మీద కూర్చుని, కొండెక్కింది దీపం కాదు, తనేనని సంబరపడ్డాడు. కూతురు వచ్చి రొప్పుతూ ఆయన భుజం మీద తల ఆనించింది. "నాన్నా, మనం పూర్తి చేసేస్తాం" అంది. ఆ మాటకు ఆయన కళ్లు చెమర్చాయి. గాలికి దుమ్ము పడిందని చెప్పాడు.

"సరే, పద. కింద అమ్మ ఎదురుచూస్తుంటుంది" అని పిల్ల సైకిలెక్కి వాలులోకి జారిపోయింది. రెండు మలుపులు, అంతే, కనబడలేదు.

లిఫ్టాయన ముందుకు కదిలాడు. చక్రం దానంతటదే తిరగడం మొదలుపెట్టింది. తొక్కకుండానే తిరుగుతోంది. ఆ ఒక్కటీ చాలు, పైప్రాణాలు పైనే పోయాయి. రెండు బ్రేకులూ బిగించి పట్టుకున్నాడు. వెనక చక్రం చీదినట్టు శబ్దం చేసి పక్కకి జారింది. కాలు ఆనించి ఆగాడు. కొంచెం ముందుకెళ్లి మళ్లీ ఆగాడు. ఓ చెయ్యి తనకు తెలియకుండానే కొండగోడ మీద బటన్ కోసం వెతికింది. చివరికి దిగి, సైకిలును మొండి దూడలా లాక్కుంటూ కొండంతా నడిచాడు. కొండంత ధైర్యమని ఎవరు పెట్టారో గానీ, ఆ కొండకు దిగేవైపు ఉంటుందని వాళ్లకు తెలియనట్టుంది.

కింద పిల్ల గాభరాగా ఎదురొచ్చింది.

"పడ్డావా నాన్నా?"

"లేదమ్మా. నడిచా."

"ఎందుకు? పార్కింగులో ఎలా దిగేవాడివి మరి?"

లిఫ్టాయన సైకిలు గంటను ఓసారి మోగించాడు. ఏదో ఒకటి చెయ్యాలి కదా.

"లిఫ్టులో."

పిల్ల నవ్వనూ లేదు, కోప్పడనూ లేదు. అదే ఆయనకు కష్టమనిపించింది. కారులో కూర్చున్నాక కిటికీలోంచి బయటికి చూస్తూ నెమ్మదిగా చెప్పింది. "వచ్చే ఆదివారానికల్లా సవారీ వాళ్లకి ఖాయం చెయ్యాలి నాన్నా. ఉన్నామా, లేమా అని. నిన్ను కొండ మీద పడేసుకోవడం కంటే లేమనడమే మేలు. ఇంకో జంట ఇప్పుడు దొరకదు. పైయేడు చూసుకుందాంలే."

పైయేడు! పై అనే మాటంటే లిఫ్టాయనకు మొదటిసారి విరక్తి పుట్టింది.

మర్నాడు పొద్దున్నే పార్కింగుకు ఆయనతో పాటు భార్య కూడా వచ్చింది. తమ్ముణ్ని చూసి "నువ్వూ ఒక మేనేజరువే?" అంది. వాడు గేటు చాటుకు పోయాడు. ఆవిడ మొగుణ్నీ, సైకిల్నీ లిఫ్టులో పై అంతస్తుకు తీసుకెళ్లింది.

"ఇవాళ్టి నుంచి ఎక్కడం లిఫ్టులో, దిగడం వాలులో. కానివ్వండి."

లిఫ్టాయన హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపటికీ కాలు ఎత్తలేదు. ఆవిడ తొందరపెట్టలేదు. వందల మంది భయస్థుల్ని రోడ్డెక్కించిన మనిషి.

"ఏమోయ్, నవ్వకూడదు" అన్నాడు చివరికి. "ఇన్నేళ్లుగా నేను చేసే పనేంటి చెప్పు? పైకి వెళ్లింది దభీమని కిందికి రాకుండా చూడటం. నాకొచ్చే పీడకల కూడా ఒకటే, తాడు తెగి పెట్టె జారిపోతూ ఉంటుంది. లోపల జనం. నిన్న ఆ చక్రం దానంతటదే తిరిగేసరికి, కడుపులో ఆ పెట్టె కదిలిందే."

ఆవిడ నవ్వలేదు. దగ్గరికొచ్చి ఆయన చేతుల్ని బ్రేకుల మీద పెట్టింది.

"పెట్టెలో ఉన్నవాళ్ల చేతిలో ఏమీ ఉండదండీ. మీ చేతిలో ఇవి ఉన్నాయి. మలుపులోకి వెళ్లాక కాదు, వెళ్లకముందే పట్టండి. గట్టిగా ఒకేసారి కాదు. కాస్త పట్టండి, వదలండి, మళ్లీ పట్టండి."

"పట్టూ విడుపూ అంటావు."

"అవును. సంసారంలో ఎలాగూ నేర్చుకోలేదు, సైకిలు మీదయినా నేర్చుకోండి."

మొదలైంది పాఠం. ఒక్కో మలుపు దగ్గర నిలబడి ఆవిడ పెట్టే కేకలకు ఏడంతస్తులూ ప్రతిధ్వనించాయి.

"చూపు! చూపు ఎక్కడుంది? ముందు చక్రాన్ని ఎందుకు చూస్తారు, అదేమైనా పారిపోతుందా? మలుపు అవతల ఎక్కడికి వెళ్లాలో అక్కడ చూడండి!"

"వాలు మీద వాలుచూపులు వద్దంటావా?"

"వద్దు. మీ వయసులో అసలొద్దు. బ్రేకు వదలండి! పీక నొక్కినట్టు నొక్కకండి దాన్ని!"

పొద్దున్నే కారు పెట్టుకోడానికొచ్చిన ఒక పెద్దమనిషి ఈ కేకలు విని, తననే అనుకుని, తెల్లగీతల మధ్య కారును రెండుసార్లు సర్దుకున్నాడు.

ఆ వారమంతా ఇదే పని. మొదట్లో ఒక్కో అంతస్తు దిగడానికి ఎక్కిన దానికంటే ఎక్కువసేపు పట్టింది. మధ్యలో ఒక రోజు మోచెయ్యి గోడకు గీసుకుంది. "గీత బాగుందే, డ్రాయింగు మాస్టారు అయ్యుండాల్సింది" అంటూ ఆవిడే మందు రాసింది. మర్నాడు మళ్లీ లేచి వచ్చాడు. ఒక పూట, నాలుగో మలుపులోనో ఐదో మలుపులోనో, చక్రం ముందులాగే దానంతటదే తిరిగింది గానీ కడుపులో ఏమీ కదల్లేదు. ఆ సంగతి ఆయనకు కిందికొచ్చాక గానీ తెలియలేదు.

శనివారం కూతురికి ఫోను చేశాడు. "రేపు ఒక్కసారి కొండకు రామ్మా. చూసి చెప్పు. నువ్వు లేమంటే లేము."

ఆదివారం కొండ మీద గాలి చల్లగా ఉంది. ఈసారి పైన ఎవరూ సంబరపడలేదు. "నువ్వు ముందు పద నాన్నా, నేను వెనక నుంచి చూస్తా" అంది పిల్ల. లిఫ్టాయన దారిని చూశాడు. పార్కింగు వాలుకు ఇరువైపులా గోడలుండేవి. ఇక్కడ ఒక వైపు గోడ బదులు ఆకాశం ఉంది. మనసులో ఒకసారి భార్య గొంతు తెచ్చుకున్నాడు. అది తెచ్చుకోవడం కష్టమేమీ కాదు, ఎప్పుడూ అక్కడే ఉంటుంది. కదిలాడు.

మలుపుకు ముందే పట్టాడు. వదిలాడు. చూపు ముందుకు వేశాడు, సైకిలు చూపు వెంట వెళ్లింది. ఒక లారీ వెనక నుంచి హారన్ కొడితే ఎడమ పక్కకు తప్పుకుని దారిచ్చాడు, ఆగలేదు. చెవుల్లో గాలి ఈల వేసింది. భయం పోలేదు, వెనక క్యారియరు మీద కూర్చుని వచ్చినట్టు తోడుగానే వచ్చింది. కానీ హ్యాండిలు మాత్రం దాని చేతికి ఇవ్వలేదు.

కింద కారు పక్కన ఆగి, విజయగర్వంతో వెనక్కి తిరిగి చూస్తే కూతురు లేదు. ఫోను మోగింది.

"నాన్నా, రెండో మలుపులోనే పంచరైంది. నువ్వు వెళ్లడం చూశాలే, కేక వేస్తే కంగారు పడతావని ఊరుకున్నా. వేరే ట్యూబు నా దగ్గరుంది గానీ, పంపు నీ సంచిలో ఉంది."

భార్య కారు తలుపు తీసింది. "ఇలా ఇవ్వండి. నిమిషంలో పైన ఇచ్చేసి వస్తాను."

లిఫ్టాయన సంచి విప్పి పంపు బయటికి తీశాడు. ఇచ్చేస్తే అయిపోతుంది. ఒకసారి దిగాడు, అందరూ చూశారు, పరీక్ష పాసు. మళ్లీ పైకి వెళ్తే మళ్లీ దిగాలి. చెయ్యి సగం చాచి ఆపుకున్నాడు. సవారీ రోజున ఇలా జరిగితే కారెక్కడ ఉంటుంది? పంపు మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.

"నా జంట పైన ఉంటే నేను కింద ఏం చేస్తానోయ్" అని సైకిలు తిప్పాడు.

ఆవిడ తలుపు మెల్లగా మూసేసింది.

పైకి చేరేసరికి పిల్ల ట్యూబు మార్చి టైరు పక్కన కూర్చుని ఉంది. కారు వస్తుందని చూస్తున్న కళ్లకు నాన్న కనబడ్డాడు. పంపు అందుకుని గాలి కొడుతుంటే ఆయన చక్రం పట్టుకున్నాడు. అయ్యాక ఇద్దరూ కలిసి బయల్దేరారు. ఈసారి పిల్ల ముందు, ఆయన వెనక. మలుపు తిరిగిన ప్రతిసారీ పిల్ల ఓరగా వెనక్కి చూసింది. సగం దారి దాటాక చూడటం మానేసింది.

కింద నిలబడి మంచినీళ్లు తాగుతూనే పిల్ల ఫోను తీసింది. అవతల ఎవరో ఎత్తారు.

"ఆఁ, జంట గురించేనండీ. ఉన్నాం. మేమిద్దరం ఉన్నాం. రెండో మనిషా? మా నాన్న." అవతలివాళ్లు ఏదో అడిగారు. పిల్ల నవ్వింది. "కొండలు ఎక్కగలరండీ. దిగగలరు కూడా."

ఫోను పెట్టేసి చూస్తే లిఫ్టాయన సీటు మీద నుంచి ఇంకా దిగలేదు.

"అమ్మలూ, ఇంకోసారి దిగుదామా?"

"దిగాలంటే మళ్లీ అంతా ఎక్కాలండీ!" అంది భార్య.

"అదెంతసేపు!" అంటూ ఆయన అప్పటికే పెడలు మీద కాలు వేశాడు. పిల్ల నీళ్ల సీసా అమ్మ చేతిలో పెట్టి, "ఆగు నాన్నా, వస్తున్నా!" అని సైకిలందుకుని వెనకాలే బయల్దేరింది.