జింకలు తోలే కేక

పుల్లన్న కేక వేస్తే బెళుగుప్ప చేన్లలో మేస్తున్న జింకలు గుంతకల్లు దాకా పరిగెత్తి, అక్కడ రైలెక్కి పోయేవని ఊళ్లో చెప్పుకుంటారు. చెప్పుకుంటారంటే, పుల్లన్నే చెప్పుకుంటాడు, మిగతావాళ్లు వింటారు. టికెట్ కొన్నాయా అని ఎవరైనా అడిగితే, "నేను తోలినంక వాటికి కొనేంత టైము యాడుండాదప్పా" అంటాడు. రైలు సంగతి ఎలా ఉన్నా, నలభై ఏళ్లు ఊళ్లోవాళ్ల వేరుశనగ చేన్లకు కాపలా కాసిన మాట నిజం. మొలక పైకి రాగానే మందలుగా దిగే జింకలను కర్ర ఎత్తకుండా, రాయి విసరకుండా, గొంతుతోనే తోలినవాడు. ఆ నలభై ఏళ్లూ అతని భార్య రామాంజినమ్మ మధ్యాహ్నమయ్యేసరికి సంగటి గంప నెత్తిన పెట్టుకుని చేనికి వచ్చేది. గట్టు మీద నిలబడి, కలుపు తీసేవాళ్లను ఒక్కొక్కరినీ పేరు సాగదీసి పిలిచేది.

ముసలితనంలో పుల్లన్న గొంతుకు మళ్లీ పని పడింది.

మనవరాలు ఎలిజబెత్ తొమ్మిదో తరగతి. ఊరి హైస్కూలు ఖోఖో జట్టులో ఉంది. గట్ల మీద దూకుతూ పెరిగిన పిల్ల. బడి ఆవరణలో ఆ పిల్లను తాకాలంటే గాలికి కూడా చెమట పట్టాలి. కానీ పోయిన ఏడాది పామిడి పోటీల్లో, గుంతకల్లు నుంచి వచ్చిన పిల్లలు డప్పు కొట్టి అరుస్తుంటే, కాళ్లు కట్టేసినట్టు నిలబడిపోయింది. ఈ బడి నుంచి చూడటానికి వెళ్లిన నలభై మంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్లకు నోరు మూసుకోమని చెప్పినవాళ్లే గానీ తెరవమని చెప్పినవాళ్లు లేరు మరి.

ఈసారి పోటీలకు ఇంకా పది రోజులుందనగా ఎలిజబెత్ అన్నం తింటూ తాతతో తేల్చి చెప్పింది.

"ఈసారి గూడా అట్లే అయితే డ్రెస్సు మేడమ్‌కు ఇచ్చేస్తా జేజినాయనా. మళ్ల ఆడను."

"ఏంటికి మే?"

"అంతమందిలో మా పక్క ఒక్కరూ లేనట్టుంటాది."

ఆ మాట విన్న పుల్లన్న తెల్లారి బడికి పోయి ఆటల టీచరు మల్లీశ్వరి ఎదుట నిలబడ్డాడు.

"మేడమ్, మీ పిల్లోళ్లకు నేను అరిసేది నేర్పిస్తా."

"వీళ్లను అరవకుండా చేసేదానికే నా సర్వీసంతా సరిపోయింది తాతా," అని నవ్వింది మల్లీశ్వరి. "సరే, కానియ్యి. హెడ్మాస్టరుకు నేను చెప్పుకుంటా."

రోజూ బడి వదిలాక నలభై మందినీ వరసగా నిలబెట్టేవాడు. "కడుపులోనుంచి రావల్ల. గొంతులోనుంచి వస్తే దాన్ని దగ్గంటారు," అనేవాడు. హో... ఒహ్హోయ్... హైహైహై! హర్ష అనే పిల్లవాడు అందరికంటే ముందు అందుకున్నాడు. వాళ్ల నాయనది చెరువు కింద చేను, పుట్టినప్పటి నుంచి వింటున్న కేకే. మూడో రోజు అటుగా వచ్చిన రామాంజినమ్మ కొంగు నడుముకు దోపుకుని కాసేపు చూసింది.

"జింకల్ని తోలే కేక ఆడపిల్లోళ్ల ఆటకేంటికయ్యా?"

"అరుపంటే అరుపే. నీకేం తెలుసు, సంగటి మోసేదానివి."

ఆమె దోపిన కొంగు తీసి దులుపుకుని వెళ్లిపోయింది. పుల్లన్న అదే తన గెలుపనుకున్నాడు.

పామిడిలో పోటీ రోజు ఎండ నెత్తి మీదే కాపురం పెట్టింది. ముందు ఈ బడి అమ్మాయిలు తరిమారు, బాగానే తరిమారు. తరువాత పరిగెత్తే వంతు వచ్చింది. ముగ్గురేసి దిగాలి. ఎలిజబెత్, హేమ, సుష్మ దిగారు. గుంతకల్లు డప్పు మొదలైంది. ఎలిజబెత్ భుజాలు బిగుసుకోవడం గీత ఇవతలి నుంచే కనిపించింది పుల్లన్నకు. తువ్వాలు పైకెత్తాడు.

నలభై గొంతులు ఒక్కసారి లేచాయి. డప్పు ఆగిపోయింది. పెన్న అవతలి ఒడ్డున మేస్తున్న గొర్రెలు మంద విడిచి పారిపోయాయని పుల్లన్న తరువాత చెప్పాడు గానీ, దాన్ని అక్కడే వదిలేద్దాం. జరిగింది మాత్రం ఇది. పరిగెత్తుతున్న ముగ్గురమ్మాయిలూ టక్కున ఆగి, గిర్రున తిరిగి, కళ్లకు చెయ్యడ్డం పెట్టుకుని పొలాల వైపు చూశారు. ఎలిజబెత్ అయితే వంగి రాయి కూడా తీసుకుంది. బుద్ధెరిగినప్పటి నుంచి ఆ కేక వినబడితే వాళ్లు చేసే పని అదే. ఆ కాసేపట్లో తరిమేవాళ్లు ముగ్గురినీ తట్టి పడేశారు. రిఫరీ ఏమీ అర్థం కాక విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మరిచాడు. అరిచిన పిల్లల్లోనే సగం మంది వెనక్కి తిరిగి వెతుకుతున్నారు.

"జింకలు యాడ తాతా?" అన్నాడు హర్ష.

అవతలివాళ్ల నవ్వు చాలాసేపు ఆగలేదు. ఎలిజబెత్ వచ్చి, పిల్లలతో పాటు పామిడికి వచ్చిన అవ్వ రామాంజినమ్మ పక్కన కూలబడింది. ఏడవలేదు. డ్రెస్సు మీది నంబరుకు పెట్టిన పిన్నీసును తీస్తూ, పెడుతూ కూర్చుంది.

"చూసినావా జేజినాయనా, నవ్వుతాండారు. సాయంత్రం ఇచ్చేస్తాలే."

పుల్లన్న ఎత్తిన తువ్వాలు దించి భుజాన వేసుకున్నాడు. రామాంజినమ్మ పిల్లల కోసం తెచ్చిన సద్ది మూట విప్పుతూ, అతని వైపు చూడకుండానే అంది.

"నీ కేకకు ఎప్పుడన్నా ఏదన్నా దగ్గరకొచ్చినాదా? అది పొమ్మనే కేక. ఆటలో ఉండే పిల్లకు పొమ్మని చెప్తే ఎట్లయ్యా."

రెండో విడతలో మళ్లీ ఆ ముగ్గురే దిగారు. డప్పు మళ్లీ లేచింది. రామాంజినమ్మ గీత దాకా నడిచి, గట్టు మీద నిలబడినట్టు నిలబడి, చెయ్యి నోటి పక్కన పెట్టుకుంది.

"ఎలిజబేతూ... ఓ ఎలిజబేతూ..."

గట్టిగా ఏమీ కాదు. మధ్యాహ్నం చేన్లో ఎలా పిలుస్తుందో అలాగే. ఆ పిలుపు తెలియని పిల్ల ఆ నలభై మందిలో లేదు. ప్రతి ఇంట్లోనూ ఒకరు అలాగే పిలుస్తారు. "హేమా... ఓ హేమా..." అని హర్ష అందుకున్నాడు. ఎవరో సుష్మను పిలిచారు. మూడు పేర్లూ ఒకదాని వెనక ఒకటి సాగుతూ మైదానమంతా పరుచుకున్నాయి.

ఎలిజబెత్ భుజాలు దిగాయి. ఒక్కసారి అవ్వ వైపు చూసింది. తరువాత చూడలేదు, పరిగెత్తింది. హేమ దొరికింది, సుష్మ దొరికింది. ఈ పిల్ల మాత్రం కూర్చున్నవాళ్ల మధ్య నుంచి పాములా దూరి, స్తంభం చుట్టూ తిరిగి, చివరి విజిల్ దాకా దొరకలేదు. డప్పు కొట్టేవాడు కొట్టడం మరిచి చూస్తున్నాడు. అవతలి పక్క నుంచి కూడా ఒకమ్మాయి "ఎలిజబేతూ" అని పిలిచిందని పుల్లన్న చెబుతాడు. ఇది మల్లీశ్వరి కూడా విన్నది కాబట్టి నమ్మవచ్చు.

అయినా మూడు పాయింట్లతో ఓడిపోయారు. ఆ మూడూ జింకలను చూడబోయినవే.

ఆటోల్లో ఊరికి తిరిగి వచ్చి బడి దగ్గర దిగాక మల్లీశ్వరి అందరి డ్రెస్సులూ అడిగింది. ఎలిజబెత్ సంచి గుండెలకు అదుముకుంది.

"నాది నేనే ఉతుక్కుంటా మేడమ్. సోమవారం ప్రాక్టీసుకు కావల్ల గదా."

పుల్లన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చెమట లేకపోయినా.

"జేజినాయనా, ఈసారి నువ్వు గూడా పేరు పిలువు," అంది ఆ పిల్ల నడుస్తూ. "ఆ కేక మాత్రం వద్దు."

మరుసటి రోజు పొద్దున ఇంటి పక్క చేనికి పోయి, ఎవరూ లేరని చూసుకుని పిలిచి చూశాడు. నలభై ఏళ్లుగా తోలడం తప్ప ఎరగని గొంతు; పేరు కాస్తా గద్దింపులా వచ్చింది. రేగుచెట్టు మీది కాకి లేచిపోయింది. వెనక నుంచి రామాంజినమ్మ నవ్వింది.

"మెల్లగా అనయ్యా. కాకి కాదు, మనవరాలు."

ఈసారి నోటి పక్కన చెయ్యి పెట్టి, గొంతు తగ్గించి, సాగదీశాడు. ఇంటి ముందు కంచె మీద డ్రెస్సు ఆరేస్తున్న ఎలిజబెత్ తలెత్తింది. తడి చేతులతోనే గట్టు వెంబడి పరిగెత్తుకుంటూ వచ్చి నిలబడింది.

"ఏంటికి పిలిచినావు?"

"ఊరికేనే మే," అన్నాడు పుల్లన్న. "వస్తావా లేదా అని."