మేకుకు వేలాడే గొడుగు

బ్రౌజర్ పేరు అడగదు, అదే ఇందులో సుఖం, అనుకుంది ఆమె, ఆరిన దుప్పటి రెండు కొసలూ పట్టుకుని గాలిలో ఒక్క విదిలింపు విదిలించి. యాప్ అయితే అడుగుతుంది. పేరు, నంబరు, ఫోటో. అన్నీ ఇచ్చి లోపలికి వెళ్తే, చెల్లెలు పెట్టే వీడియోలను ఎవరెవరు వచ్చి చూశారో అవతలివాళ్లకు తెలిసిపోతుందట. నిజమో కాదో ఆమెకు తెలియదు. తెలుసుకోవడానికి ఎవరినీ అడగనూ లేదు. బ్రౌజర్‌లో ఆ బెంగ లేదు. వీధిలో నడుస్తూ తెరిచి ఉన్న కిటికీలోకి ఒక చూపు చూసి సాగిపోయినట్టు ఉంటుంది. కాకపోతే కాసేపటికి 'లాగిన్ అవ్వండి' అంటూ ఒక తెల్లటి పలక కింది నుంచి లేచి చెల్లెలి ముఖాన్ని ముక్కు దాకా కప్పేస్తుంది. మూలన ఉన్న ఇంటూ గుర్తు నొక్కితే పోతుంది. మళ్లీ వస్తుంది. మళ్లీ నొక్కాలి. నువ్వెవరు, నువ్వెవరు అని అది విసుగు లేకుండా అడుగుతూనే ఉంటుంది. ఆమె కూడా విసుగు లేకుండా పక్కకు తోస్తూనే ఉంటుంది.

దుప్పటి సగానికి, మళ్లీ సగానికి. అంచు లోపలికి, ఆసుపత్రి ముద్ర పైకి. అరచేత్తో ఒక్కసారి నిమిరితే ఇస్త్రీ చేసినట్టు కూర్చుంటుంది. ఆసుపత్రి అడుగున, నేలమాళిగలో, ఉతికే యంత్రాల గది పక్క గది ఆమెది. పొడవాటి చెక్క బల్ల, పైన ఎప్పుడూ చిన్నగా మోగుతూ ఉండే ట్యూబులైటు, గోడవారగా తెల్లటి దొంతరలు. ఇక్కడ అందరూ ఆమెను మడతలక్క అంటారు. అసలు పేరు జీతం చీటీ మీద మాత్రమే కనిపిస్తుంది. చిరుగులున్నవి ఒక పక్కకు, మరకలు వదలనివి ఇంకో పక్కకు. దుప్పట్లలో చుట్టుకుని వచ్చే వస్తువులకు ఒక రేకు డబ్బా ఉంది: కళ్లజోళ్లు, జడపిన్నులు, ఒకసారి కట్టుడు పళ్లు. పైకి కబురు పంపినా ఎవరూ వచ్చి అడగరు. బాగైపోయినవాళ్లు ఈ చోటును తలుచుకోవడానికి ఇష్టపడరు. బాగు కానివాళ్లు రాలేరు.

పొద్దున్న చూసిన వీడియో దొంతరకూ దొంతరకూ మధ్య మళ్లీ మళ్లీ గుర్తొస్తోంది. నేలమాళిగలో సిగ్నల్ రాదు. మెట్ల కింద, లిఫ్టు పక్కన, బట్టల బండి నిలబెట్టే మూలలో మాత్రం రెండు గీతలు వస్తాయి. రోజూ పనిలోకి దిగే ముందు అక్కడ నిలబడి చూస్తుంది. చెల్లెలిది గొడుగులు బాగుచేసే కొట్టు. ఊచ విరిగితే ఎలా అతకాలో, బ్యాగు జిప్పు పళ్లు వదిలేస్తే ఎలా బిగించాలో గలగలా మాట్లాడుతూ చూపిస్తుంది. ఈ రోజు మాత్రం చేతిలో పనిముట్టు లేదు.

"ఇవాళ్టితో కొట్టు సర్దేస్తున్నానండీ. మా ఆయనకు వేరే ఊళ్లో పని దొరికింది. సాయంత్రం సామాను బండి వస్తుంది. నంబరు మారిపోతుంది, ఈ పేజీ కూడా తీసేస్తా. ఎవరి గొడుగైనా నా దగ్గర ఉండిపోతే చీకటి పడేలోపు వచ్చి తీసుకుపోండి. తర్వాత నన్ను తిట్టుకుంటే నాకు పొలమారుతుంది, ముందే చెప్తున్నా."

అని నవ్వింది. ఆ నవ్వు వెనక, ఎడమ భుజం మీదుగా, గోడకు ఒక మేకు. మేకుకు ముదురు నీలం గొడుగు.

ఆ గొడుగు ప్రతి వీడియోలోనూ ఉంటుంది. మొదట కొట్టు గోడకు ఆకుపచ్చ రంగుండేది, తర్వాత పసుపు వేశారు. అరలు మారాయి, కుర్చీ మారింది. అది మాత్రం అక్కడే.

బాగుచేయించుకుందామని తను అది తీసుకుని వెళ్లిన రోజు ఆమెకు బాగా గుర్తు. జనం ఉన్నారు కొట్టులో. చెల్లెలు గొడుగు అందుకుని పిడి లాగింది, కదల్లేదు. మళ్లీ లాగింది. అప్పుడు అందరి వైపూ తిరిగి, "మా అక్కా, ఈ గొడుగూ ఒకటేనండీ. ఎంత లాగినా విచ్చుకోవు" అంది. అందరూ నవ్వారు. హాస్యానికే అంది. ఆమెకూ తెలుసు. ఆమె కూడా నవ్వడానికి పెదాలు కదిపింది, అవి సాగలేదు. అబద్ధమైతే తేలిగ్గా నవ్వేసేది. "పనుంది" అని వచ్చేసింది. చెల్లెలు ఫోన్ చేస్తుందనుకుంది. అవతల చెల్లెలు, అక్కే చేస్తుందని అనుకుని ఉంటుంది. అమ్మ లేని ఇంట్లో ఆ పిల్లకు రెండు జడలు వేసి బడికి పంపింది తనే కదా, ముందు మాట్లాడాల్సింది అదే కదా, అని ఒక నెల. ఇప్పుడు చేస్తే ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదని అడుగుతుందేమో అని ఇంకో నెల. తర్వాత నెలలకు కారణాలు అక్కర్లేకపోయాయి. వానాకాలాలు వచ్చి వెళ్లాయి. ఆమె కొత్త గొడుగు కొనలేదు. తల మీద ప్లాస్టిక్ సంచి కప్పుకుని బస్సు దాకా పరిగెత్తేది. కొనేస్తే ఆ మేకు మీది గొడుగు ఇక ఎవరిదీ కాకుండా పోతుందని ఆమె భయం.

పేజీ తీసేస్తుందట. తీసేయనీ. అన్నీ దాచుకుంది కదా. బ్రౌజర్‌లో పైన మూడు చుక్కలు నొక్కితే కింది వైపు బాణం వస్తుంది. అది నొక్కితే 'డౌన్‌లోడ్ అయింది' అంటుంది. ఏ వీడియో వచ్చినా ముందు ఆ పని చేసి, తర్వాత చూసేది. దాచినవి ఎన్నడూ తెరవలేదు. తెరిచే అవసరం రాలేదు.

మధ్యాహ్నం టీ పక్కన పెట్టుకుని, సరదాకే అన్నట్టు, సిగ్నల్ లేని ఆ గదిలోనే ఒకటి తెరిచింది. చెల్లెలు రాసిన రెండు వాక్యాలు వచ్చాయి. వాటి కింద బూడిదరంగు పెట్టె. పెట్టెలో ఏమీ లేదు. ఇంకోటి తెరిచింది. పెట్టె. ఇంకోటి. వేలు వేగంగా కదిలింది. అన్నీ పెట్టెలే. టీ మీద మీగడ కట్టింది.

అప్పుడే ఆక్సిజన్ సిలిండర్ల బండి తోసుకుంటూ, ఆసుపత్రిలో అందరూ బాబాయి అని పిలిచే ఆయన వచ్చాడు. రిటైరయ్యే వయసు దగ్గరపడినా ఈలలు మానని మనిషి.

"ఏంటమ్మాయ్, దుప్పట్లలో దెయ్యం గానీ దొరికిందా? ముఖం అలా పెట్టావ్?"

"ఏం లేదు బాబాయ్." ఆమె ఫోను బోర్లించింది. తర్వాత, తనే ఊహించని విధంగా, మళ్లీ తిప్పి అతని ముందు పెట్టింది. "దాచిన వీడియోలు రావట్లేదు."

బాబాయి కళ్లజోడు నుదుటి నుంచి కిందికి దింపుకున్నాడు. రెండు తెరిచి చూసి తల అడ్డంగా ఊపాడు. "నువ్వు దాచింది వీడియో కాదే తల్లీ. కాగితం. పేజీ ఒక్కటే దాచావు. సినిమా చూద్దామని వాల్‌పోస్టరు చింపుకుని ఇంటికి తెచ్చుకున్నట్టు."

"అన్నీనా?"

"ఆ, అన్నీ. పద, సిగ్నల్ దగ్గర నేర్పిస్తా. మా మనవరాలు కుక్కపిల్లల వీడియో పెట్టందే ముద్ద మింగదు, దాని పుణ్యమా అని నేను ఇందులో పండిపోయాను."

ఆమె మడిచిన దుప్పట్లు బండి మీద పేర్చుకుని, తోసుకుంటూ మెట్ల కిందికి వెళ్లింది. బాబాయి పాఠం మొదలుపెట్టాడు. వీడియో దగ్గర లింకు కాపీ చెయ్యాలి. బ్రౌజర్‌లో ఇంకో సైటు తెరవాలి. అందులో తెల్ల గడిలో వేలు ఆనించి పేస్ట్ కొట్టాలి.

"ఇప్పుడు ఆగు. ఆ పెద్ద పచ్చ బొత్తాం ఉందే, దాని జోలికి పోకు. అది ప్రకటన. నొక్కావో, నీ ఫోను సంతలో తప్పిపోయినట్టే, ఎవడెవడో చెయ్యి పట్టుకుని లాగుతాడు. కింద, బక్కగా, సిగ్గుపడుతున్నట్టు ఉందే, అది అసలు బొత్తాం."

ఆమె సిగ్గుపడుతున్న బొత్తాం నొక్కింది. సన్నటి నీలిగీత ఒక కొస నుంచి పాకింది. మొన్నటి వీడియో ఒకటి వచ్చింది. పలక లేదు, ఇంటూ గుర్తు లేదు, నువ్వెవరన్న ప్రశ్న లేదు. చెల్లెలి ముఖం గడ్డం దాకా తెరిపిగా ఉంది. చెంపల దగ్గర జుట్టు తెల్లబడింది. ఆమె ఇంతవరకూ గమనించలేదు.

"ఎవరీవిడ? చుట్టమా?"

"మా చెల్లెలు."

"అరె, అడిగితే తనే పంపుతుందిగా. ఫోన్ చెయ్యరాదూ?"

"ఫోన్లు లేవు బాబాయ్, మా మధ్య."

"సర్లే, కొట్టెక్కడ మరి?"

"కూరగాయల మార్కెట్టు వెనక."

బాబాయి ఈల నోట్లోనే ఆగిపోయింది. "ఇక్కడికి రెండు స్టాపులు కదమ్మాయ్! రెండు స్టాపుల దూరంలో ఉన్న మనిషి కోసం కాపీ, పేస్టు, డౌన్‌లోడు... ఇంత చుట్టు తిరిగావా?" అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు. మాట మార్చడానికేమో తెర మీద వేలు పెట్టి, "ఇదేంటి, ఆ మేకుకున్న గొడుగు? ఎవరో మరిచిపోయినట్టున్నారు" అన్నాడు.

"నాదే" అంది ఆమె.

పైకి అనడం అదే మొదటిసారి. బాబాయి తన సిలిండర్ల బండి దగ్గరికి వెళ్లాడు. బండి చక్రాల చప్పుడు నడవా చివరిదాకా వినిపించి ఆగింది.

ఆమె ఒక పాత వీడియో ఫోన్లోకి దించింది. తర్వాత ఇంకొకటి. ఒకటి చూస్తూ, రెండోది తెరిచి, మళ్లీ మొదటిదానికి వెళ్లింది. ఏదో తేడా ఉంది. మడతల్లో తేడా వస్తే ఆమె కళ్లు తెలియకుండానే అక్కడ ఆగిపోతాయి. మొదటి వీడియోలో గొడుగు చుట్టూ కట్టిన పట్టీ బొత్తాం గోడ వైపు ఉంది. రెండోదాంట్లో ఇవతలికి తిరిగి ఉంది. మూడోది దించింది. ఇందులో గుడ్డ చుట్టిన తీరే వేరు, ఎడమ నుంచి కుడికి, వదులుగా. ఎప్పుడో విన్న ముక్క గుర్తొచ్చింది. ఏదో వీడియో చివర చెల్లెలు అంది: "గొడుగును మూసి అలాగే వదిలెయ్యకూడదండీ. వాడకపోయినా మధ్యమధ్య తెరిచి గాలి తగలనివ్వాలి. లేకపోతే గుడ్డ మడత దగ్గరే చిరుగుతుంది."

దుప్పట్లూ అక్కడే చిరుగుతాయి. ఆమెకు తెలియనిది కాదు. అందుకే దొంతరలో అడుగునున్నవాటిని అప్పుడప్పుడూ తీసి మడత మార్చి పెడుతుంది.

తెరుస్తోందన్నమాట. ఆ బిగుసుకుపోయిన గొడుగు తెరుచుకుంటోంది. దాన్ని బాగుచేసి, ఇన్ని వానాకాలాలు, తెరిచి ఆరబెట్టి, మళ్లీ చుట్టి, అదే మేకుకు తగిలిస్తోంది. చిరగకుండా.

ఆమె చేతులు అలవాటుగా పక్కనున్న దుప్పటి తీసుకుని మడవబోయాయి. సగానికి. అక్కడే ఆగాయి. ఇవన్నీ దించుకుంటే ఏమవుతుంది? రాత్రుళ్లు తన గదిలో మంచం మీద కూర్చుని చూస్తుంది. ఆ మంచం మీది దుప్పటి ఆమె ఎన్నడూ మడవదు, ఎవరు చూస్తారని. చూస్తూ, తెర మీద వేలితో ఆ గొడుగును పెద్దది చేసుకుంటుంది. చెల్లెలు వేరే ఊళ్లో, వేరే గోడకు, మేకు కొట్టదు. తీసుకోవడానికి ఎవరూ రాని వస్తువును ఎన్నాళ్లని మోస్తారు?

పొద్దుటి వీడియో ఇంకా దించలేదు. లింకు కాపీ చేసింది. తెల్ల గడిలో పేస్ట్ కొట్టింది. పచ్చ బొత్తాం దాటి కింది బొత్తాం నొక్కింది. నీలిగీత మొదలైంది. పావువంతు దగ్గర నిలబడింది. మెట్ల పైనున్న చిన్న అద్దం కిటికీలోంచి వాన చప్పుడు, దాని వెనక వెలుతురు తగ్గుతున్న ఆకాశం. గీత కదిలింది, మళ్లీ ఆగింది. ఆమె దాని వైపు చూస్తూ నిలబడింది. ఇంతకాలం ఇలాగే నిలబడ్డాను కదా అనుకుంది.

ఫోనును దుప్పట్ల మీద పెట్టింది. పైటకు అంటిన నూలుపోగులు దులుపుకుంది. లిఫ్టు తలుపు తెరుచుకుని బండి కోసం వచ్చిన ఆయా, "అక్కా, ఎక్కడికి? పైవార్డుకి ఇవి వెళ్లద్దా?" అంది.

"నువ్వు తోసుకుపో తల్లీ. ఇంకొక్కటి మడవలేదు, అలాగే ఇచ్చెయ్."

"వాన పడుతోంది. నీ సంచి?"

ఆమె అప్పటికే సగం మెట్లెక్కింది. మెట్ల మొదట్లో మేకుకు వేలాడుతున్న ప్లాస్టిక్ సంచి వైపు తిరిగి చూడలేదు. పైన తలుపు తెరుచుకుంది. తడిగాలి మెట్ల మీదుగా కిందిదాకా వచ్చింది. తలుపు మూసుకుంది.

సగం మడిచిన దుప్పటి పక్కన, తెల్లటి దొంతర మీద, ఫోను తెర ఇంకా వెలుగుతూనే ఉంది. నీలిగీత చివరిదాకా నిండింది. చిన్న బొమ్మలో, నవ్వుతున్న మనిషి ఎడమ భుజం వెనక, పట్టీ బొత్తాం ఇవతలికి తిరిగిన నీలం గొడుగు మేకుకు వేలాడుతోంది.