నేనొక రకమా?

డైరెక్టరమ్మకు పదహారేళ్లు. ఆ పేరు పెట్టింది మేనత్తే, వెక్కిరింతగా. మేనత్త పెళ్లి చేసుకోలేదు. అన్నావదినలతోనే ఉంటూ నీటి సరఫరా ఆఫీసులో ఫోన్ల దగ్గర పనిచేసేది. కుళాయి రానివాళ్ల తిట్లు రోజంతా తినేది, వడ్డీతో సహా తిరిగిచ్చేది. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమకాలు చచ్చుబడడంతో చంకకర్రతో నడిచేది. నోరు మాత్రం పరుగెత్తేది.

బడిపిల్లల సినిమా పోటీ కోసం డైరెక్టరమ్మ ఒక హాస్యకథ రాసింది. సినిమా తీయాలని ఇల్లంతా తలకిందులు చేసే పిల్ల కథ. అందులో నాన్న నిచ్చెన మీంచి పడతాడు, అమ్మ డైలాగు మరిచిపోయి పక్కింటావిడతో పోట్లాడుతుంది. అత్త కిటికీ దగ్గర కూర్చుని, చిరునవ్వుతో, "కలలు కను తల్లీ" అంటుంది.

మేనత్త కాగితాలు చదివి మంచం మీదికి గిరాటేసింది.

"ఇంతమంది వెధవ్వేషాలు వేస్తుంటే నేను మాత్రం దీపం సెమ్మెలా కూర్చోవాలా? నవ్వించడానికి నేను పనికిరానా?"

"అది కాదత్తా. సినిమాలో అన్ని రకాల మనుషులూ ఉండాలని పోటీవాళ్లు చెప్పారు."

"ఓహో! నేనొక రకమా? కూరగాయల కొట్టు పెట్టావుటే?"

"నిన్ను మంచిగా చూపిస్తుంటే కూడా ఏడుపేనా?"

"ఈ ఇంట్లో అందరికంటే పెంకిదాన్ని నేను. ఎవర్నడిగి నాకు మంచితనం అంటగట్టావు?"

డైరెక్టరమ్మ కాగితాలు ఏరుకుని విసురుగా వెళ్లిపోయింది. అద్దెకు ఒక చంకకర్ర తెచ్చి స్నేహితురాలికిచ్చి, జుట్టుకు తెల్లరంగు పూసి, కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

బహుమతుల రోజున అన్న బతిమాలితే మేనత్తా వెళ్లింది. తెర మీద నాన్న నిచ్చెన మీంచి పడగానే హాలంతా గొల్లుమంది. ఆ తర్వాత తెల్లజుట్టు పిల్ల కాలీడ్చుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చింది. వెనకనుంచి వయొలిన్. నవ్వులు ఆగిపోయాయి. ఎవరో ముక్కు చీదారు. మేనత్త చెవులు ఎర్రబడ్డాయి.

సినిమా అయ్యాక న్యాయనిర్ణేత మైకు అందుకుంది. "ఇలాంటివాళ్లకు కూడా ఎంత గౌరవంగా చోటిచ్చిందో చూడండి! ఈ పాత్రకు స్ఫూర్తి ఎవరమ్మా?"

డైరెక్టరమ్మ గర్వంగా మేనత్తను చూపించింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

మేనత్త లేవలేదు. కూర్చున్నచోటినుంచే కేకేసింది.

"ఆపండి! నేనేం ఘనకార్యం చేశానని? చచ్చుకాలు పెట్టుకుని సినిమా చూశాను, అంతేగా? ఆ కిటికీలో మనిషెవరో నాకు తెలీదు. నేనైతే ఈపాటికి ఆ వయొలిన్ వాయించినవాడి చెవి మెలేసేదాన్ని!"

హాలు పగలబడి నవ్వింది. మేనత్త హాస్యమాడలేదు. వేదిక మీద డైరెక్టరమ్మ మొహం మాడిపోయింది. రెండో బహుమతి ఆమెకే ఇచ్చారు. తీసుకుంటూ కన్నీళ్లు పెట్టుకుంటే, ఆనందబాష్పాలనుకున్నారు.

ఇంటికొచ్చాక యుద్ధమైంది.

"నలుగుర్లో నా పరువు తీశావు!"

"నువ్వు నన్ను తీసుకెళ్లి షోకేసులో పెట్టావు. ఎవరిది పెద్ద తప్పే?"

"నీకు అసూయ!"

"అవును, అసూయే! మీ నాన్న జారిపడితే అంతమంది నవ్వారు. నా వేషానికి జాలిపడ్డారు. ఎందుకు కుళ్లుకోకూడదు?"

డైరెక్టరమ్మ గదిలోకి దూసుకెళ్లింది. తలుపు ధడాలున వేసుకుంది.

చాలాకాలం ఇద్దరికీ మాటల్లేవు. వదినే ఇటు కబుర్లు అటు మోసింది, మోసి మోసి విసిగి ఇద్దర్నీ తిట్టింది. చివరికి ఒక ఆదివారం డైరెక్టరమ్మ మేనత్త గుమ్మంలో నిలబడింది.

"కొత్త కథ రాస్తున్నా. అందులో నువ్వు ఇల్లుగలావిడవి. అద్దెకున్నవాళ్లకు నీళ్లు కట్టేసి ఏడిపిస్తావు."

"నవ్వొస్తుందా?"

"నాకైతే వచ్చింది."

మేనత్త గుడ్లురిమి చూసింది. "చివరికి ఏమవుతుంది?"

"చివరికి... మారిపోతావు."

"అయితే నేను చెయ్యను. బయటికి నడు."

డైరెక్టరమ్మ పళ్లు కొరుక్కుంటూ వెళ్లిపోయింది. ఆ సినిమా ఇంకా మొదలు కాలేదు. చివరి సీను గురించి ఇద్దరూ రోజూ పోట్లాడుకుంటూనే ఉన్నారు.