గోడవార ఎండ

ఎత్తైన పీఠభూమి మీది మా ఎల్ ఆల్తో నగరంలో ఎండ ఉంటేనే మనిషికి ప్రాణం. నీడలో బకెట్లో నీళ్లు కూడా గడ్డకడతాయి. అందుకే మా ముసలివాళ్లు పొద్దెక్కగానే గోడవార చేరి వీపు కాచుకుంటారు. సతుర్నీనా అవ్వ నేను పనిచేసే వృద్ధుల రక్షణ కేంద్రానికి వచ్చి అడిగింది కూడా అదే.

"నా గది తాళంచెవి నాకిప్పించు తల్లీ. ఎండలో కూర్చోవాలి," అంది.

ఆ గది ఇటుకలకు మట్టి తొక్కింది ఆమె కాళ్లే. కొడుకు హిలారియో సంతలో బట్టలమ్మడానికి వెళ్తూ రోజూ ఆమెను లోపల పెట్టి తాళం వేసుకుని పోతాడు. ఆ రోజు ఆ పని కోడలికి అప్పగిస్తే ఆమె మరిచిపోయింది, అవ్వ జారుకుని వచ్చేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. కంచే చేను మేస్తే ఇక ఎవరికి చెప్పుకోవాలి?

"చట్టం ఉందవ్వా. నువ్వు ఊ అను, జడ్జి దగ్గరికి పోదాం. మళ్లీ తాళం వేస్తే వాడి సంగతి వాళ్లే చూస్తారు."

"జడ్జి దేనికే? వాడి పెళ్లికి నిలబడ్డ కసిమీరో గారున్నారుగా. ముందు ఆయన్ని పిలవాలి. అది మర్యాద."

మాలో అంతే. పెళ్లిలో జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడే ఆ ఇంటి తగువులు తీర్చాలి. ఆయన ముందు, మేం నమిలే కోకా ఆకులు పంచుకుని, బాధపడ్డ మనిషి క్షమించానంటే ఆ తగువు అక్కడితో పూడిపోతుంది. మళ్లీ తవ్వినవాళ్లకు వీధిలో ముఖం చెల్లదు.

"వద్దవ్వా. నువ్వు క్షమించానంటే నా చేతులు కట్టేసినట్టే," అన్నాను.

"నీకు పిల్లల్లేరుగా నియెవెస్, అందుకే అంత కోపం," అంది. నొప్పించాలని అనలేదు. అయినా నొచ్చింది.

ఆదివారం అవ్వ ఇంట్లో కసిమీరో గారు టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నారు. హిలారియో తల్లి ముందు మోకరిల్లాడు.

"తప్పయిపోయిందమ్మా. ఎక్కడ పడిపోతావో, ఏ కుక్క కరుస్తుందోనని నా భయం. ఇంకెప్పుడూ తాళం వెయ్యను," అని ఏడ్చాడు.

దొంగ ఏడుపు కాదు. దొంగ ఏడుపైతే నాకు తేలికయ్యేది. అవ్వ వాడి తల నిమిరి, దోసిట్లో ఆకులు పోసి, "క్షమించాను నాయనా," అంది. వాడు తాళంచెవిని ఎర్ర దారానికి గుచ్చి ఆమె మెడలో వేశాడు.

"చూశావా అమ్మాయ్, నీ జడ్జి కంటే మా ఆకు తొందరగా తీర్పు చెప్తుంది," అన్నారు కసిమీరో గారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కొన్నాళ్లు అవ్వ గోడవార కనిపించింది. తర్వాత కనిపించడం మానేసింది. పోలీసును వెంటబెట్టుకుని వెళ్లాను. తలుపుకు బయట కొత్త తాళం వేలాడుతోంది.

"అవ్వా, లోపలున్నావా?"

"ఉన్నా తల్లీ. చలిగా ఉందని నేనే తలుపేసుకున్నా."

"తాళం బయట ఉందవ్వా."



పోలీసు తాళం పగలగొట్టాడు. అవ్వ దుప్పటి కప్పుకుని మంచం అంచున కూర్చుని ఉంది. మెడలో ఆ పాత తాళంచెవి అలాగే ఉంది. ఎండ గడప దాటి ఆమె పాదాల దాకా వచ్చింది. నేను చెయ్యి చాపాను.

"రా అవ్వా, పోదాం. వాడే వేశాడని ఒక్క మాట చెప్పు, చాలు."

ఆమె లేచింది. వస్తుందనుకున్నాను. వచ్చి తలుపు రెక్క పట్టుకుంది.

"అందరి ముందూ క్షమించానన్నాను. ఇప్పుడు కాదంటే వాడు సంతలో తలెత్తుకుని ఎలా అమ్ముకుంటాడు? వాడొచ్చేలోగా ఇలాంటి తాళమే ఒకటి కొని తగిలించు తల్లీ."

"నా చేత్తో నేను తగిలించను."

"అయితే పో," అని తలుపు మూసుకుంది.

ఆమె చెప్పకపోయినా తాను కేసు రాస్తానన్నాడు పోలీసు. రాయడానికి వెళ్లాడు కూడా. చట్టం ఎలాగోలా తలుపు తెరిపిస్తుంది, అది నాకు తెలుసు. ఆమెను బయటికి ఎవరు తెస్తారో తెలియలేదు. తలుపుకు నుదురు ఆనించి ఏడ్చాను.

"నియెవెస్, పోయావా?"

"లేదవ్వా."

"ఎండ ఉందా ఇంకా?"

"ఉంది."

"అయితే కాసేపు గోడవార కూర్చుని పో. నా బదులు."

కూర్చున్నాను. గోడ నా వీపుకు వెచ్చగా తగిలింది. గోడకు అవతల అవ్వ చలికి దగ్గుతోంది.