తూకం వేసిన గీత

వంపు గీత వెంబడి గ్రాఫు కాగితాన్ని కత్తిరించి, బైధర్ సాహు ఆ ముక్కను త్రాసు పళ్లెంలో పెట్టాడు. చుట్టూ మొదటి సంవత్సరం పిల్లలు. ఒక చదరపు సెంటీమీటరు కాగితం ఎంత తూగుతుందో ముందే బోర్డు మీద రాశాడు. ముక్క బరువును దాంతో భాగిస్తే గీత కింది వైశాల్యం తేలుతుంది. ఆ గీత గాలి పీడనానిది; గాలి వ్యాకోచించి పిస్టన్‌ను నెట్టిన పని ఆ వైశాల్యమే.

ఇంటెగ్రేషన్ వచ్చినవాడికి ఇది ఒక్క వరస లెక్క. కానీ ఫిజిక్సుకి అది జూలైలో కావాలి. వరండా అవతలి లెక్కల శాఖ దాన్ని జనవరిలో చెబుతుంది. ఈలోగా పిల్లలు గుడ్డిగా బట్టీ పడతారు, సగంమంది తప్పుతారు, తప్పినవాళ్లనే మొద్దులంటారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే తంతు. పాఠం చెప్పే హోదా లేని, ల్యాబులో ప్రయోగాలు చూపే డెమాన్‌స్ట్రేటరు బైధర్. అతని చేతిలో ఉన్నది కత్తెరే.

లెక్కల శాఖ పెద్ద కుముదినీ మహాపాత్ర గుమ్మంలో ఆగింది.

"బైధర్ బాబూ, కాల్‌క్యులస్ కిలో ఎంతకిస్తున్నారు?"

"మీరు జనవరిదాకా కొట్టు తెరవరు కదా మేడమ్. అందాక నేను చిల్లరగా అమ్ముతున్నా."

పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

జూలై ఆఖరు రోజది. అతని ఉద్యోగానికీ ఆఖరు రోజే. రెండు అధ్యాయాలు అటూ ఇటూ మార్చమన్న అతని అర్జీ మీద ఇవాళ రెండు శాఖలనీ కూర్చోబెడతానని ప్రిన్సిపాలు మాటిచ్చాడు. అదొక్కటి జరిగితే పోయిన ఏళ్లు మట్టిలో కలవలేదనుకుంటాడు. డబ్బాలోని పఖాళ, నీళ్లలో నానిన చద్దన్నం, సగం తిని, లాగుతున్న నడుం పట్టుకుని, సరిగ్గా రెండింటికి వెళ్లి కూర్చున్నాడు.

పావుగంటలో అయిపోయింది. తన పాఠాలకో క్రమం ఉందంది కుముదిని. తనకీ ఉందన్నాడు ఫిజిక్సు పెద్ద పండా బాబు. ఇద్దరిదీ నిజమే. ఒకరి పుస్తకం ఒకరు ఏనాడూ తెరిచి చూడలేదు, అంతే. విశ్వవిద్యాలయానికి రాద్దామని తేల్చి టీ తాగారు.

"రాయండి," అన్నాడు బైధర్. "నేను పదకొండుసార్లు రాశాను."

తిరిగొచ్చేసరికి ల్యాబులో ఝునూ అనే అమ్మాయి ఒక్కతే ఉంది. "సార్, తూకం కుదిరింది. మరి పుస్తకంలో ఇదే పనికి ఇచ్చిన సూత్రంలో ఆ లాగరిథమ్ ఎక్కణ్ణించి ఊడిపడింది?"

జనవరిలో చెబుతారమ్మా అనబోయి ఆగాడు. ఏటా అదే మాట. "కూర్చో," అన్నాడు. గీత కింది జాగాను సన్నటి పట్టీలుగా కోస్తూ, ఇంకా సన్నగా కోస్తూ, ఐదింటిదాకా చెప్పాడు. ఆ పిల్లకి సగం అర్థమైంది. మిగతా సగానికి రేపు రానా అని అడిగింది. అతను చీపురు తీసి కాగితం ముక్కలు ఊడ్చాడు.

వీడ్కోలుకి రెండు శాఖలూ చెరో గోడగడియారం తెచ్చాయి. ఒకరినొకరు అడగలేదు. అదే కొట్టు, అదే రకం. ఒకదాన్ని చంకలో పెట్టుకుని అతను బస్సుకి నడిచాడు. రెండోది ల్యాబు బల్ల మీద, విప్పని రంగుకాగితంలో, టిక్కుటిక్కుమంటూ ఉండిపోయింది.