మంచులో లోటా చప్పుడు

మా హరాజ్ కొండల మీద మంచు దిగిందంటే ఎదురింటి గోడ కూడా కనబడదు. అలాంటి రోజు నేను తలుపు వేసుకోను. మా అన్న ముక్బిల్ లోటా చప్పుడు వినబడుతుంది. రాతి మీద రేకు. టంగ్, టంగ్. కాస్త ఆగి మళ్లీ టంగ్. ఊళ్లో ఎవరికి చెప్పినా, "చెవిలో గాలి చేరిందిలే, సదాపాకు పెట్టుకో" అనేవాళ్లు.

లోటా మాత్రం మా వంటింట్లో మేకుకే వేలాడుతుంటుంది.

అన్న జొన్న బస్తా భుజాన వేసుకుని, పాట ఆపకుండా కొండ మెట్లెక్కే మనిషి. సరిహద్దు అవతల పనికి వెళ్దామని పరీక్షకి రక్తం ఇచ్చాడు. అక్కడి డాక్టరు, "తెల్ల కణాలు నాలుగు వేలైనా ఉండాలి. నీకు రెండువేల ఎనిమిది వందలే. లోపల ఏదో రోగం ఉంది, పో" అన్నాడు. ఏ రోగమో చెప్పలేదు. పేరున్న రోగానికి ఒక భయమైతే, పేరులేనిదానికి వెయ్యి భయాలు. కాఫీ కోతల్లో అన్నకి వేరే లోటా పెట్టారు, ఆ తర్వాత వేరే చాప వేశారు. చివరికి తనే పొలంలోని కావలి బురుజులోకి మకాం మార్చేశాడు. నేను అత్తవారింటి నుంచి ఎప్పుడొచ్చినా ఆ లోటాతోనే తాగేదాన్ని. "నీకూ అంటుకుంటుందే, పిచ్చి మొద్దూ" అని నవ్వేవాడు.

ఒక మంచు మధ్యాహ్నం పొలం మడికి కట్టిన రాతి గోడ కూలి అన్న కాలు రాళ్ల కింద ఇరుక్కుపోయింది. అరిచి అరిచి గొంతు పోయాక లోటాతో రాతిని కొట్టాడు. పక్క మడిలో హిజామ్ మేకలు కాస్తున్నాడు. విన్నాడు, వెళ్లలేదు. "మంచులో జిన్ను భూతం పిలుస్తోందనుకున్నా" అన్నాడు తర్వాత. మంచు విడి మనుషులు వెళ్లేసరికి అన్న ప్రాణం పోయింది, లోటా మాత్రం నాకు మిగిలింది.

ఇన్నేళ్లకి మా మనవరాలు తకియ్యా టీచరు పనికోసం పట్నంలో పరీక్షకి రక్తం ఇచ్చింది. దానికీ అదే మాట. తెల్ల కణాలు తక్కువట. మర్నాడు హిజామ్ ఇంట్లో ఆడవాళ్లంతా కూర్చుని కిష్ర్, అదే కాఫీ తొక్కల కషాయం, తాగుతున్నారు. హిజామ్ పెళ్లాం సాదా అందరికీ ఒకే గిన్నె తిప్పింది.

"అమ్మమ్మా, నాకు మాత్రం వేరే గ్లాసు ఇచ్చిందే" అంది తకియ్యా ఇంటికొచ్చి.

ఆ రోజు ఎండ కాస్తోంది. అయినా నాకు టంగ్‌మని వినబడింది. ఈ పిల్లనీ బురుజు దాకా తోస్తారా అనిపించింది.

ఆ నెలలోనే డాక్టర్ ఇబ్తిహాల్ మా ఊరొచ్చింది. "ఏ రోగమూ లేని, ఈడొచ్చినవాళ్లందరి రక్తం కావాలి. ఇన్నాళ్లూ మనం చూసే లెక్క ఎక్కడో దూరదేశపు మనుషుల్ని చూసి రాసింది. మన కొండకి ఏది మామూలో మనమే తేల్చుకోవాలి" అంది.

హిజామ్ మత్తుకి నమిలే ఖాత్ ఆకు బుగ్గలో సర్దుకుని లేచాడు. "మంచిదేనమ్మా. కానీ ఈ ముసలిదాని ఇంటి రక్తం కలపొద్దు. మా రక్తం పలచనవుతుంది."

"కలపడానికి నేనేమైనా చారు కాస్తున్నానా బాబాయ్? ఎవరి సీసా వాళ్లదే."

ముసుగుల వెనక ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

"ఆ పిల్లకి తక్కువని ముందే తేలిందిగా!" అన్నాడు హిజామ్.

"పాత లెక్క చూసి మనుషుల్ని ఏరేస్తే, కొత్త లెక్క కూడా పాతదే అవుతుంది. నేను మనిషిని చూస్తాను." తకియ్యా కళ్లు చూసి, మెడ, పొట్ట తడిమింది. "జ్వరాలొస్తాయా తల్లీ? పుండ్లు మానవా?"

"కిందనుంచి నీళ్ల డబ్బాలు మోసేది అదేనమ్మా. హిజామ్ ఉత్త చేతుల్తో ఎక్కి ఆయాసపడతాడు" అన్నాను నేను.

జ్వరంతో ఉన్నవాళ్లని, కడుపుతో ఉన్నవాళ్లని పంపేసి, తకియ్యా రక్తం తీసుకుంది. హిజామ్‌దీ తీసుకుంది. నేలమీద పడ్డ చుక్క మీద నేను ఉప్పు చల్లలేదు. రక్తం వాసనకి జిన్నులొస్తాయని, ఉప్పు చల్లితే రావని అంటారు. వస్తే రానీ, వచ్చేవాడు నాకు తెలిసినవాడే.

కాఫీ పళ్లు ఎర్రబడ్డాక డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. "ఈ కొండలన్నిటా చూశాం. రెండు చివరలా అరుదైనవి కాసిని వదిలేస్తే మిగిలిందే మన మామూలు. ఇక్కడ రెండువేల ఐదువందల నుంచే మొదలు. తకియ్యాకి ఏ లోపమూ లేదు." ఎవరి చీటీ వాళ్లకిచ్చింది.

హిజామ్‌కి చదువు రాదు. "చదవవే పిల్లా" అని తకియ్యాకే ఇచ్చాడు.

"రెండువేల ఆరువందలు, తాతా."

నేను డాక్టరమ్మ వైపు తిరిగాను. "మరి రెండువేల ఎనిమిది వందలుంటే?"

"నిక్షేపంలాంటి మనిషి. ఎవరమ్మా?"

"మా అన్న."

"ఎక్కడున్నారు? పిలవండి, చూస్తాను."

సాదా లేచి, తను తాగుతున్న గిన్నె తకియ్యా చేతిలో పెట్టింది. "తాగు తల్లీ" అంది.

వారం తిరక్కుండానే మంచు దిగింది. హిజామ్ మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఆ లోటా కొట్టడం ఆపవే. నీకు పుణ్యముంటుంది."

నేను మేకు చూపించాను. లోటా కదలకుండా వేలాడుతోంది. బయట టంగ్‌మంది.

హిజామ్ ద్వారబంధం పట్టుకున్నాడు. "ఎప్పట్నుంచి వినిపిస్తోంది నీకు?"

"నువ్వు మొదట విన్న రోజునుంచి."

ద్వారబంధం వదిలి మా అన్న పొలం వైపు తిరిగాడు.

"ఈ మంచులో ఎక్కడికిరా?"

"పిలుస్తున్నాడుగా."

నేను మేకు మీంచి లోటా తీసి, నీళ్లు నింపుకుని వాడి వెనకాలే నడిచాను.